పబ్‌లో పాటలకు వెళ్ళే ముందు

చి. సాహితికి, పెద్దమ్మ ఆశీస్సులు.

శుక్రవారం రాత్రి పబ్‌లో జానపదాలు పాడుకుంటారట, ల్యాబ్‌లో వాళ్ళు రమ్మంటున్నారు, వెళ్ళనా వద్దా అని అడిగావు. నిక్షేపంగా వెళ్ళు. పబ్ అనగానే మీ అమ్మ టెన్షన్ పడుతుంది, దానికి నేను నచ్చజెప్తాలే. అక్కడ తాగి తీరాలని ఎవరూ అనరు. లైమ్ సోడా అడుగు. మామూలు నీళ్ళు అడిగితే డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని స్కాట్లాండ్‌లో చట్టమే ఉంది. కానీ ఎవరైనా నీకు ఏదైనా కొనిపెడితే తర్వాతి రౌండ్ నీది, అంటే ఈసారి వాళ్ళకి నువ్వు కొనాలి. అది ఎగ్గొట్టేవాళ్ళని ఎడిన్‌బరా వాళ్ళు తొందరగా మర్చిపోరు.

ఏ పబ్‌కో ముందే కనుక్కో. ఫారెస్ట్ రోడ్డులో శాండీ బెల్స్ అయితే ఎక్కువగా వాయిద్యాలు. ఫిడేళ్ళు జోరుగా సాగుతుంటే పక్కన కబుర్లు చెప్పుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఇన్‌ఫర్మరీ స్ట్రీట్‌లో రాయల్ ఓక్ బాగా ఇరుకు, పాటకు పేరున్న చోటు. అలాంటి చోట కాస్త పెందలాడే వెళ్తే కూర్చోవడానికి జాగా దొరుకుతుంది.

పాట మొదలైతే మాత్రం నోరు మెదపకు. మైకు ఉండదు, శ్రుతిపెట్టె ఉండదు. ఒక మనిషి కూర్చున్న చోటే కళ్ళు మూసుకుని ఎత్తుకుంటారు. అప్పుడు కౌంటర్ దగ్గర ఆర్డర్ ఇవ్వకు, కుర్చీ జరపకు, ఫోన్ ఎత్తి వీడియో తీయకు. తాళం వేస్తున్నట్టు చప్పట్లు కూడా వద్దు. కథాగేయాలైతే ఇరవై, ముప్పై చరణాలు నడుస్తాయి. హత్యలు, సముద్రంలో మునిగిన ఓడలు, దెయ్యమై తిరిగొచ్చిన ప్రియులు, అన్నీ ఉంటాయి. స్కాట్స్ భాష సగం కూడా అర్థం కాదు. ఫర్వాలేదు, కథేమిటని తర్వాత అడుగు, సంతోషంగా చెప్తారు. పల్లవి దగ్గర మాత్రం గొంతు కలపాలి. రెండోసారి వచ్చేసరికి మాటలు అందకపోయినా రాగం అందుకో. పబ్ మొత్తం పల్లవి ఎత్తుకున్నప్పుడు బిగుసుకుని కూర్చున్నవాళ్ళే కొట్టొచ్చినట్టు కనిపిస్తారు.

పాడే ముందు చాలామంది "ఇది ఫలానా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను" అంటారు. ఆ మాట శ్రద్ధగా విను. ఈ పాటల్లో చాలావాటికి రాసినవాళ్ళ పేరు తెలియదు, కాబట్టి పాడినవాళ్ళ పేరే వాటి చిరునామా. 1953లో హామిష్ హెండర్సన్ అనే జానపద పాటల సేకర్త అబర్డీన్‌లో జీనీ రాబర్ట్‌సన్ ఇంటి తలుపు తట్టాడు. ఆవిడ సంచార కుటుంబాల మనిషి, తల్లి నోట విన్న పాటలు ఆవిడ గొంతులో అలాగే ఉన్నాయి. ఆ రికార్డింగులు లేకపోతే ఇప్పుడు పబ్బుల్లో వినపడే పాటలు కొన్ని మిగిలేవే కావు. హెండర్సన్ పనిచేసిన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ నువ్వు చదివే యూనివర్సిటీదే, 1951లో పెట్టారు. సేకరించిన పాటల్లో వేలకొద్దీ టోబర్ అన్ డువల్కస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వినొచ్చు. వెళ్ళే ముందు రెండు మూడు విను. ఊరికే పబ్ చూడ్డానికి వచ్చిన పిల్లవి కావని వాళ్ళకే తెలుస్తుంది.

పాట గుండ్రంగా తిరిగి నీ దాకా వస్తుంది. వద్దనుకుంటే తల అడ్డంగా ఊపితే చాలు, బలవంతం చెయ్యరు. కానీ ఒకసారైనా పాడు. సినిమా పాట వద్దు, వెనకాల ఆర్కెస్ట్రా లేకపోతే అది బోసిపోతుంది. వాళ్ళ పాటే వాళ్ళ యాసలో పాడాలని కూడా ప్రయత్నించకు, అది మొహమాటానికి మెచ్చుకునే వ్యవహారం. మీ నానమ్మ బతుకమ్మ పాటలు నీకు వచ్చు కదా, అవి పాడు. స్కాట్లాండ్ పడమటి తీరంలోని హెబ్రిడీస్ దీవుల్లో ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, నేసిన ఉన్ని బట్టను తడిపి గట్టిపడేదాకా బల్లకేసి బాదుతూ పాడేవాళ్ళు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అర్థం లేని పల్లవి అందుకునేవాళ్ళు. మన "ఉయ్యాలో" నడకా అదే కాబట్టి రెండు పాదాలయ్యేసరికి వాళ్ళ నోటికీ వచ్చేస్తుంది. నాలుగైదు చరణాలు చాలు. శ్రుతి కాస్త కిందనే ఎత్తుకో, మధ్యలో గొంతు పట్టేస్తే దిగడం కష్టం. ఎవరి దగ్గర నేర్చుకున్నావో నువ్వూ చెప్పు, నానమ్మ పేరు, ఊరు.

కాగితం చూసి పాడకు. ఫోన్ చూసి అసలే పాడకు.

తిరిగి వచ్చేటప్పుడు సిటీ బస్సులో చిల్లర వెనక్కి ఇవ్వరు, కార్డు దగ్గరుంచుకో. ఏం పాడావో, వాళ్ళు పల్లవి అందుకున్నారో లేదో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ