ఫిబ్రవరిలో క్యాంపస్ చెట్లు పూస్తే, ముందు నేల చూడండి

హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) లాంటి రాతిగుట్టల క్యాంపస్‌లో ఫిబ్రవరి నడకల్లో ఎర్రగా, పసుపుపచ్చగా పూసిన చెట్లు కనిపిస్తున్నాయని, ఆకులు లేకపోవడంతో ఏది ఏదో తెలియడం లేదని, ఫోన్ యాప్ పూటకో పేరు చెబుతోందని అడిగారు. కొమ్మ మీది పువ్వును ఆకాశానికి ఎదురుగా ఫొటో తీస్తే నల్లటి ముద్దలా పడుతుంది. యాప్ తడబడేది చాలాసార్లు అందుకే. పొద్దున్నే, ఊడ్చేవాళ్లు రాకముందే వెళ్లి రాలిన పువ్వు తీసుకోండి. దాని ముఖం, వెనకవైపు తొడిమ, ఆపైన చెట్టు మాను: ఈ మూడు ఫొటోలు చాలు.

ఎరుపులో మోదుగ, బూరుగ, బాడిద కలిసిపోతాయి. మోదుగ పువ్వును తిప్పి చూడండి. తొడిమ దగ్గరి గిన్నె నల్లటి ముఖమల్‌లా ఉంటుంది, అందులోంచి కాషాయపు రేకు చిలక ముక్కులా వంగి వస్తుంది. వేలితో రాస్తే రేకు మీద సన్నటి వెండి నూగు తగులుతుంది. మాను వంకరటింకర, ముళ్లుండవు. ఎండకు ఎదురుగా నిలబడి చూస్తే ఈ రంగుకు సాటి వచ్చేది క్యాంపస్ మొత్తంలో మరొకటి లేదని నా అభిప్రాయం. బూరుగ పువ్వు అరచేతినిండా వస్తుంది: దళసరి రేకులు అయిదు, మధ్యలో కట్టలు కట్టలుగా కేసరాలు. లేత మాను మీద మొనదేలిన ముళ్లుంటాయి. ముసలి చెట్టుకు అవి అరిగిపోతాయి కాబట్టి ముళ్లు లేవని బూరుగ కాదనుకోకండి. బాడిదకూ ముళ్లుంటాయి, మోదుగలాగే మూడేసి ఆకులుంటాయి. కానీ పువ్వు ముదురెరుపు, కొమ్మ చివర గుత్తిగా వస్తుంది.

పసుపులో అసలు చిక్కు కొండగోగుకీ, రోడ్ల పక్కన నాటే దక్షిణ అమెరికా టబెబుయాకీ మధ్య. రెండూ ఆకు రాల్చి పూస్తాయి, దూరం నుంచి ఒకేలా మెరుస్తాయి. రాలిన పువ్వు తీస్తే సందేహం ఉండదు. టబెబుయా రేకులన్నీ కలిసి బాకాలా ఒకటే గొట్టం, లోపల కేసరాలు నాలుగే. కొండగోగుకు అయిదు రేకులూ విడివిడి, మధ్యలో కేసరాల గుబురు. గుట్ట మీద రాతి సందులో పెరిగిందంటే అది దాదాపు కొండగోగే.

కానుగ, వేప కాస్త వెనక, మార్చి, ఏప్రిల్‌లో పూస్తాయి. కానుగకు తల ఎత్తక్కర్లేదు, లేత ఊదా కలిసిన తెల్లటి పూలు దారంతా పరుచుకుంటాయి.

అప్పటికీ తేలకపోతే చెట్టు ఎక్కడుందో గుర్తు రాసుకుని ఏప్రిల్, మే నెలల్లో కాయ చూడండి. మోదుగకు బల్లపరుపు కాయ, చివర ఒకటే గింజ. బూరుగకూ కొండగోగుకూ కాయ పగిలితే దూది వస్తుంది. టబెబుయాది పొడుగు కాయ, లోపల కాగితంలాంటి రెక్కల గింజలు.