మాంగనీసు రాయికి అయస్కాంతం ఎందుకు అతుక్కుంది?

ప్రశ్న: మాది గరివిడి దగ్గర పల్లె. పాత మాంగనీసు గని పక్కన రాళ్లకుప్ప మీద మా తమ్ముడు పాడైపోయిన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతంతో ఆడుతుంటే కొన్ని నల్లరాళ్లు టక్కున అతుక్కున్నాయి, కొన్ని అస్సలు కదల్లేదు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇనుము కలిసుంటుందని మా మావయ్య అన్నారు. కాలేజీలో సార్‌ని అడిగితే ఆర్బిటాల్ ఆర్డరింగ్ గురించి చదవమన్నారు. ఎవరి మాట రైటండీ?
– బీఎస్సీ విద్యార్థిని

జవాబు: అతుక్కున్న రాయి విషయంలో మీ మావయ్యగారి మాటే రైటమ్మా. అది వ్రెడెన్‌బర్గైట్ అయ్యుండొచ్చు. వందేళ్ల కిందటే ఫెర్మర్ అనే జియాలజిస్టు ఆ పేరు పెట్టిన రాళ్లలో మీ గరివిడివి కూడా ఉన్నాయి. నున్నగా సానపట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే అందులో రెండు ఖనిజాలు అల్లుకుపోయి ఉంటాయి. ఇనుమున్న జాకబ్‌సైట్ అయస్కాంతానికి లొంగుతుంది, రెండోదైన హౌస్‌మనైట్ లొంగదు.

సార్ చెప్పింది ఈ రెండోదాని గురించి. మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మాంగనీసుకి నాలుగు డి-ఎలక్ట్రాన్లు మిగులుతాయి, వాటిలో మూడు చుట్టూ ఉన్న ఆరు ఆక్సిజన్ల జోలికి పోకుండా సర్దుకుంటాయి కానీ నాలుగోది నిలువుగా సాగి పైనా కిందా ఉన్న రెండు ఆక్సిజన్లని దూరంగా నెట్టేస్తుంది. పెళ్లి విడిదింట్లో చాపల మీద పడుకున్నవాళ్లని గుర్తు తెచ్చుకోండి, ఒకరు అడ్డంగా పడుకుంటే పక్కవాళ్లకి ఇబ్బంది కాబట్టి అందరూ ఒకే వాలున పడుకుంటారు. ఎలక్ట్రాన్ పరుచుకునే ఆకారాన్ని ఆర్బిటాల్ అంటారు, పక్కపక్క ఆర్బిటాళ్లు ఇలా ఒక వరసలో సర్దుకోవడమే ఆర్బిటాల్ ఆర్డరింగ్. దానివల్ల స్ఫటికం మొత్తం ఒకవైపు దాదాపు 16 శాతం సాగిపోతుంది, సుమారు 1170 డిగ్రీలు దాటితే గానీ ఆ సాగుడు పోదు.

మరి అయస్కాంతం సంగతి? అది తల ఎటు పెట్టారన్న ప్రశ్న, అంటే స్పిన్: ప్రతి ఎలక్ట్రాన్‌నీ ఓ బుల్లి అయస్కాంతంలా చేసే గుణం. హౌస్‌మనైట్‌లో తలలు కుదురుకోవాలంటే మైనస్ 231 డిగ్రీలకి దిగాలి, మన ఎండల్లో ఎక్కడ కుదురుతుంది! జాకబ్‌సైట్‌లో మాత్రం సుమారు 300 డిగ్రీల దాకా చెదరవు.

ఆర్బిటాళ్ల వరసకీ స్పిన్‌ల వరసకీ సంబంధం ఉంది, నాకు బాగా నచ్చేదీ అదే. పక్కపక్క ఆర్బిటాళ్లు ఎలా వాలాయన్నదాన్ని బట్టే స్పిన్‌లు ఒకే దిక్కో, ఎదురెదురో తేలుతుందని 1950ల్లో గుడినఫ్, కనమోరి అనే శాస్త్రవేత్తలు చూపించారు. మాంగనీసున్న ఇంకో పదార్థం, లాంథనమ్ మాంగనైట్‌లో ఒక్కో పొరలో ఆర్బిటాళ్లు ఒకటి ఇటూ ఒకటి అటూ వాలుతాయి, అందుకే మైనస్ 133 డిగ్రీల కింద ఒక పొరలో స్పిన్‌లన్నీ ఒకవైపు, దాని మీది పొరలో ఎదురువైపు నిలబడతాయి. లెక్క సరిపోయి బయటికి అయస్కాంతమే కనిపించదు.

అతుక్కున్న రాయొకటీ అతుక్కోనిదొకటీ సార్‌కిచ్చి, పొడిగా నూరి ఎక్స్‌రే డిఫ్రాక్షన్ తీయించమనండి. నూరేటప్పుడు తడిపి నూరండి, మాంగనీసు ధూళి పీల్చకూడదు. హౌస్‌మనైట్ ఉంటే ఘనంలా మూడువైపులా సమంగా ఉండే స్ఫటికానికి ఒక్క గీత రావాల్సిన చోట రెండు గీతలొస్తాయి.