ఎక్కడైనా ఆడు, నొప్పి మాత్రం దాచకు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. మీ బేస్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే చోటు) నీకు ఇక ఖాయం కాదట, నిన్ను యుటిలిటీ ప్లేయర్‌గా, అంటే ఏ చోటైనా ఆడేవాడిగా, తయారు చేస్తామన్నారట, నువ్వు వెంటనే సరేనన్నావట. తన గొంతులో దిగులు తెలుస్తూనే ఉంది. నాకైతే ముందు గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. తెలుగులోనే రాస్తున్నాను, అర్థం కాని చోట అమ్మ చేత చదివించుకో.

నిన్ను తక్కువ చేశారని అనుకోకు. అన్నిటికన్నా పైదైన మేజర్ లీగ్ జట్టులో 26 మంది, అందులో బంతి వేసే పిచర్లే 13 మంది దాకా ఉంటారు. మిగిలిన 13 మందిలో తొమ్మిది మంది ఆటలో ఉంటే బెంచ్ మీద నలుగురు. వాళ్లలో ఒకడు రెండో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. ఇక మిగిలిన ముగ్గురితోనే ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గర), ఔట్‌ఫీల్డ్ (వాటి వెనక దూరంగా) ఖాళీలన్నీ పూడ్చుకోవాలి. ఒక్కచోటే ఆడేవాడికి అక్కడ చోటు దొరకడం కష్టం. 2022 నుంచి బాగా ఫీల్డింగ్ చేసినవాళ్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు కూడా యుటిలిటీకి వేరుగా ఇస్తున్నారు. మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో మొదటిది అప్పుడు మా సెయింట్ లూయిస్ జట్టులో ఉన్న బ్రెండన్ డొనోవన్‌కే వచ్చింది.

నేను ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు బేస్‌బాల్ పిచ్చి ఎక్కించినవాడు మా సెయింట్ లూయిస్ ఆటగాడు హోసే ఒకెండో. 1988లో ఒకే సీజన్‌లో తొమ్మిది స్థానాల్లోనూ ఆడాడు. ఆ మే నెలలో అట్లాంటాతో ఆట 19 ఇన్నింగ్స్ దాకా సాగింది. పిచర్లు అయిపోతే ఆయనే వెళ్లి నాలుగు ఇన్నింగ్స్ బంతి వేశాడు. 7-5తో ఓడిపోయినా మర్నాడు ఎక్కడ చూసినా ఆయన మాటే. నేను ఫిజియోథెరపీ చదివినవాణ్ణి కదా, నా ధ్యాసంతా ఆ చేతి మీదే.

గ్లవ్‌లు నాలుగు కావాలి: ఇన్‌ఫీల్డ్‌కి, ఔట్‌ఫీల్డ్‌కి, ఫస్ట్ బేస్‌కి, క్యాచర్‌కి. కొత్తదాన్ని ప్రాక్టీసులో మెత్తబడనిచ్చాకే ఆటకి తీసుకెళ్లు. వేళకి తిను, పడుకో. బ్యాటింగ్ వదలకు. బెన్ జోబ్రిస్ట్ అనే మేజర్ లీగ్ ఆటగాడు 2009లో పిచర్, క్యాచర్ తప్ప మిగతా ఏడు చోట్లా ఆడుతూ 27 హోమ్ రన్‌లు కొట్టాడు, అందుకే రోజూ జట్టులో ఉన్నాడు. 2016లో మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అతనే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీ కుర్రాడు చికిత్సకి నా దగ్గరికి వచ్చాడు. నీలాగే ఎక్కడ నిలబెట్టినా నవ్వుతూ వెళ్లేవాడు. వారమంతా సెకండ్ బేస్. అక్కడ విసురు పొట్టిది, చెయ్యి పక్కనుంచి వస్తుంది. శనివారం ఉన్నట్టుండి ఔట్‌ఫీల్డ్‌లో కుడివైపున్న రైట్ ఫీల్డ్‌కి పంపేవారు. అక్కడి నుంచి థర్డ్ బేస్‌కి వేయాలంటే కాళ్ల దగ్గర్నుంచి బలం తీయాలి. మర్నాడు థర్డ్ బేస్, అక్కణ్ణుంచి ఫస్ట్‌కి 127 అడుగులు. ఏ దూరానికా దూరం భుజాన్ని అలవాటు చేసుకోలేదు. నొప్పి మొదలైంది. చెబితే తన చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారని భయం. మాత్రలు మింగాడు. భుజాన్ని కాపాడుకోవాలని విసిరే తీరు మార్చాడు, దాంతో భారం మోచేతి మీద పడింది. నా దగ్గరికి వచ్చేసరికి లిగమెంట్ తెగిపోయింది. ఆపరేషన్, ఏడాది ఖాళీ. తిరిగొచ్చాక సెకండ్ బేస్ దాటి ఎక్కడా ఆడలేకపోయాడు. అన్ని చోట్లా ఆడటమే అతని బలం, అదే పోయింది. మొదటి వారంలో నోరు విప్పి ఉంటే రెండు మూడు వారాల విశ్రాంతితో తగ్గేది.

నీ సంగతి నాకు తెలియదనుకున్నావా? టెన్త్ గ్రేడ్‌లో వేలు వాచిపోతే టేపు చుట్టుకుని ఆడి, తలుపు సందులో పడిందని అమ్మకి చెప్పావు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. రేపు పై జట్టుకి వెళ్లినా ఒక సీజన్‌లో ఐదుసార్ల దాకా కింది జట్టుకి పంపొచ్చు. ఆ టెన్షన్‌లోనే మనిషికి అబద్ధం చెప్పబుద్ధవుతుంది. గాయాల జాబితాలో పెట్టినంత మాత్రాన జీతం ఆగదురా నాన్నా. ఏ స్థానమిచ్చినా సరే అను, చెయ్యి నొప్పిగా ఉంటే ఆ రోజే గాయాలు చూసే ట్రైనర్‌కి చెప్పు. రేపు ఎక్కడ ఆడాలో ముందే అడిగి, ఆ దూరానికి తగ్గట్టు చెయ్యి వేడెక్కించుకో.

ఇంత గట్టిగా రాశానని నొచ్చుకోకు. మీ నాన్న పోయాక నీకు బంతి విసరడం నేర్పింది నేను. ఆ చెయ్యి మీద నాకు హక్కుందనుకుంటాను.

మీ జట్టు పియోరియా ఎప్పుడొస్తుందో తేదీలు పంపు. అత్తయ్యా నేనూ కారులో వస్తాం. ఆదివారం ఆట అయ్యాక నీ భుజం నేనే ఒకసారి చూస్తాను, బాగానే ఉందని తప్పించుకోకు.

మీ మామయ్య