ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు, పడవ కట్టుకోండి

ప్రశ్న: మాది రాజమండ్రి. పన్నెండేళ్లుగా చెన్నైలో ఉద్యోగం, పెరుంగుడిలో సొంత ఫ్లాట్. వయసు 41. రెండేళ్లుగా అడయారు నదిలో రోయింగ్ చేస్తున్నాను. ఒక్కరే నడిపే చెక్క రోయింగ్ షెల్‌ను (సన్నగా, పొడవుగా ఉండే తేలికైన తెడ్ల పడవ) నా చేతులతో కట్టుకోవాలని కోరిక. ప్లాన్లు ఎక్కడ దొరుకుతాయి? ఒక స్నేహితుడు స్కాన్ కాపీ ఉచితంగా ఇస్తానంటున్నాడు. హోమ్‌లోన్ ఈఎంఐ 42,000, ఇంటి ఖర్చు 55,000, సిప్‌లు అన్నీ పోను నెలకు 18,000 మిగులుతోంది. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీయనా, పర్సనల్ లోన్ పెట్టనా?

జవాబు: రెండూ వద్దు. పడవ మాత్రం కట్టండి. నేనూ గోదావరి గట్టున పెరిగినవాడినే, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను.

ముందు ఆ ఎఫ్‌డీ సంగతి. మీ ఇల్లు నడవడానికి నెలకు 97,000 కావాలి. ఉద్యోగానికి ఏదైనా అయితే ఆరు నెలలు తట్టుకోవడానికి 5 లక్షల 82 వేలు చేతిలో ఉండాలి. మీ దగ్గర ఉన్నది 4 లక్షలు. అంటే అది మిగులు డబ్బు కాదు, అత్యవసర నిధి. అదీ ఇంకా లక్షా 82 వేలు తక్కువలో ఉంది. ఇక సరదా కోసం పర్సనల్ లోన్ తీసుకుంటే, పడవ సగంలో ఆగినా ఈఎంఐ ఆగదు.

మిగిలే 18,000లో 10,000 ఆ లోటు పూడ్చడానికి పెట్టండి. 8,000తో పడవ పేరు మీద విడిగా ఒక ఖాతా తెరవండి. పద్దెనిమిది నెలలు దాటేసరికి లోటు దాదాపు తీరిపోతుంది, పడవ ఖాతాలోకి లక్షా 44 వేలు వస్తాయి. ఏ దశకు కావాల్సింది ఆ దశలోనే కొనండి. ఖాతాలో డబ్బు లేకపోతే ఆ నెల పని ఆపి, ఉన్న చెక్కకు చిత్రిక పట్టుకోండి.

ప్లాన్లకు డబ్బిచ్చి కొనమనే నా సలహా. ఈ రంగంలో గ్రేమ్ కింగ్ అనే డిజైనర్ గీసిన ‘కింగ్‌ఫిషర్’కు మంచి పేరుంది. అమెరికాలో చెసపీక్ లైట్ క్రాఫ్ట్ అనే సంస్థ ఆక్స్‌ఫర్డ్ షెల్, అన్నపోలిస్ వెర్రీ (షెల్ కంటే పొట్టిగా, వెడల్పుగా ఉండే తెడ్ల పడవ) లాంటి వాటికి ప్లాన్లు, కిట్లు కూడా అమ్ముతుంది. కిట్ ఓడలో రావాలంటే రవాణా, కస్టమ్స్ కలిసి తడిసి మోపెడవుతుంది. ప్లాన్ తెప్పించుకుని చెక్క ఇక్కడే కొనుక్కోవడం మేలు. కార్డు మీద ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ చెల్లింపుకు బ్యాంకు వేసే అదనపు రుసుము, పడుతుందని గుర్తుంచుకోండి. స్కాన్ కాపీ ఎందుకు వద్దంటే, పోటీలకు వాడే సింగిల్ (ఒక్కరే నడిపే షెల్) సుమారు 8 మీటర్ల పొడవుంటుంది. స్కాన్‌లో గీత ఒక్క శాతం సాగినా పడవలో 8 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పైగా గీసినవాడి కష్టానికి డబ్బివ్వడం న్యాయం.

చెక్క దగ్గర చాలామంది పొరపడతారు. మన షాపుల్లో ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై దొరుకుతుంది. నీళ్లకు ఊడిపోని జిగురు వాడారని ఆ ముద్రకు అర్థం, తేలిక అని కాదు. గర్జన్ అనే బరువైన చెక్కతో చేసిన 4 మిల్లీమీటర్ల షీటు ఎనిమిదికి నాలుగు అడుగులది సుమారు 9 కిలోలు తూగుతుంది. ఒకుమే అనే తేలిక చెక్కతో చేసిందయితే ఐదారు కిలోలే. పోటీ సింగిల్‌కు అనుమతించే కనీస బరువే 14 కిలోలు కదా, అందులో షీటుకు మూడు కిలోల తేడా అంటే ఎంతో ఆలోచించండి. ఒకుమే ఖరీదెక్కువే. డబ్బు దాచుకోవాల్సిన చోటు మాత్రం ఇది కాదు.

మీ బడ్జెట్‌ను నిజంగా తినేసేవి వేరే ఉన్నాయి. జారే సీటు, దాని పట్టాలు, తెడ్లను పడవ పక్కన పట్టి ఉంచే రిగ్గర్లు, ఒక జత తెడ్లు. కొత్తవి కొంటే చెక్క ఖర్చును మించిపోతాయి. వాడినవి ఎవరైనా అమ్ముతున్నారేమో తోటి రోయర్లను ఇప్పటి నుంచే అడుగుతూ ఉండండి.

రెండోది చోటు. 8 మీటర్లంటే 26 అడుగుల పైమాటే. అపార్ట్‌మెంట్‌లో కారు పెట్టే స్థలం పొడవు 5 మీటర్లుంటే గొప్ప. ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి వాడే గట్టి జిగురు) వాసన, రాపిడి దుమ్ముకు అసోసియేషన్ ఒప్పుకోవడం కష్టం. షెడ్డు అద్దెకు తీసుకుంటే ఆరు నెలలని మొదలుపెట్టిన పని ఏడాది దాటుతుంది, అద్దె ఆగదు. కట్టాక ఎక్కడ పెడతారు? 1867లో మొదలై ఇప్పుడు అడయారు ఒడ్డున ఉన్న మద్రాస్ బోట్ క్లబ్ కావచ్చు, మీరు వెళ్లేది మరొకటి కావచ్చు, సొంత పడవ పెట్టుకోవడానికి రాక్ (అర) ఇస్తారా, నెలకు ఎంత అని చెక్క కొనకముందే రాతపూర్వకంగా అడగండి. పడవ ఉన్నన్నాళ్లూ కట్టాల్సిన ఖర్చు అదే. చోటు దొరకకపోతే 18 అడుగుల లోపు ఉండే అన్నపోలిస్ వెర్రీ వైపు మొగ్గండి. వేగం తగ్గుతుంది, టెన్షనూ తగ్గుతుంది.

జిగురు పనులు సంక్రాంతి తర్వాతే మొదలుపెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో తేమకు ఎపాక్సీ మీద జిడ్డు పొర కడుతుంది, దాన్ని కడిగి రుద్దందే పైన మరో పూత పట్టదు. ఎండాకాలంలో కలిపిన డబ్బా చేతిలోనే గట్టిపడిపోతుంది. నిదానంగా గట్టిపడే హార్డనర్ (ఎపాక్సీని గట్టిపరచడానికి కలిపే రెండో ద్రవం) తీసుకుని, కొంచెం కొంచెంగా కలపండి. పారబోసే ప్రతి గిన్నె మీ 8,000లోదే.

ఇవన్నీ కొనేముందు ఒక చిన్న పని. షీటు పొడవు ఎనిమిది అడుగులే కాబట్టి షీట్లను అతికించక తప్పదు. రెండు ప్లై ముక్కల అంచులను మందానికి ఎనిమిది రెట్లు, అంటే 4 మిల్లీమీటర్లకు 32 మిల్లీమీటర్ల ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పెట్టి అతికిస్తారు. చిన్న ఎపాక్సీ ప్యాకెట్, మిగిలిపోయిన ప్లై ముక్కలు తెచ్చుకుని ఒక ఆదివారం బాల్కనీలో అలాంటి అతుకు ఒకటి చేయండి. వారం ఆగి మోకాలి మీద పెట్టి విరవండి. అతుకు దగ్గర ఊడితే ఇంకో రెండు ఆదివారాలు సాధన చేయాలి. అతుకు నిలిచి పక్కన చెక్క విరిగితే ప్లాన్‌కు ఆర్డర్ పెట్టండి, ఆ విరిగిన ముక్క ఫొటో నాకూ పంపండి.