ఆ పాప తల్లి ఎవరో ముందు అడగండి

అమ్మలూ,

పెద్దమ్మ దీవించి రాసేది. అల్లుడుగారికి వందనాలు చెప్పు.

మొన్న ఫోన్‌లో నువ్వు అంత సంతోషంగా చెబుతుంటే మధ్యలో అడ్డుపడలేకపోయాను. అరకు వైపు సువార్తకు వెళ్ళే అయ్యగారు మూడు నెలల ఆడపిల్ల ఉందన్నారని, కానుక కింద కొంత ఇచ్చి వచ్చే నెల తెచ్చుకుంటామని అన్నావు. ఈ ఎనిమిదేళ్ళూ నువ్వు ఎన్ని మాటలు పడ్డావో నాకు తెలియనిది కాదు. అయినా ఈ దారిలో వద్దమ్మా. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

పిల్లల హోమ్‌లో 27 ఏళ్ళు వార్డెన్‌గా చేశాను కదా. అక్కడ అరవై మంది ఉండేవాళ్ళు. రిజిస్టర్‌లో అందరికీ 'అనాథ' అనే రాసేదాన్ని. నిజంగా తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. ఒక బాబు తల్లి నెలకో ఆదివారం పెందుర్తి నుంచి వచ్చేది. భర్త పోయాడు, ఇటుకల బట్టీలో పని. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొంగులో మూటగట్టుకుని గేటు బయట కూర్చునేది. విదేశాల నుంచి స్పాన్సర్లు వచ్చే రోజుల్లో ఆమెను రావద్దని నేనే కబురు పంపేదాన్ని. ఒకసారి కబురు అందలేదు. వాడు స్టేజీ మీద నిలబడి "నాకు అమ్మా నాన్నా లేరు" అని ఇంగ్లీషులో అప్పజెబుతున్నాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు గానీ, పక్కనే ఒకాయన తెలుగులో కూడా చెబుతున్నాడు. గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఏమీ అనలేదు. కాయల మూట వంటమనిషి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాటలు వాడికి నేర్పింది నేనే. వాడికిప్పుడు నలభై దాటాయి, గాజువాకలో వెల్డింగ్ షాపు. క్రిస్మస్‌కి కేకు తెస్తాడు, బాగానే మాట్లాడతాడు. ఆ రోజు సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

బైబిల్లో యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం ఆ హోమ్ గోడ మీద పెద్దక్షరాలతో ఉండేది. అదీ సగమే. దిక్కులేని పిల్లల్ని పరామర్శించాలన్న మాట దగ్గర ఆపేశారు. ఆ వెంటనే విధవరాండ్ర మాట ఉంది కదా! గోడ మీద చోటు చాల్లేదేమో అనుకునేదాన్ని. ఫరో కుమార్తె అయినా మోషేను ఎత్తుకున్నాక జీతమిచ్చి కన్నతల్లి చేతే పాలిప్పించింది.

అందుకే మీ అయ్యగారిని ముందు అడగాల్సింది పాప రంగు, ఆరోగ్యం కాదు. తల్లి బతికే ఉందా? ఎందుకు ఇచ్చేస్తోంది? మూడో ఆడపిల్ల అనా, అప్పు తీర్చడానికా, పెళ్ళికాని పిల్ల అనా? అక్కడి గిరిజనుల కువి భాష మాట్లాడే ఊరైతే, ఈ పాప మళ్ళీ తన దగ్గరికి రాదని ఆమెకు ఆమె భాషలో ఎవరైనా చెప్పారా? కారణం పేదరికమే అయితే పాప తల్లి దగ్గరే ఉండాలి. భర్త పోయినవాళ్ళ పిల్లల్లాంటి వాళ్ళకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. నువ్వు దాచిన కానుక డబ్బు పాపను తీసుకోకుండానే ఆ తల్లికి ఇవ్వగలవా? ఈ మాట నీకు గుచ్చుకుంటుందని తెలిసే రాస్తున్నాను.

పాపకు బదులుగా ఇచ్చే డబ్బును మనం కానుక అన్నా చట్టం కొనుగోలు అంటుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. అమ్మినవాళ్ళకే కాదు, కొన్నవాళ్ళకి కూడా. తండాల్లో లంబాడా ఆడపిల్లల్ని కొని విదేశాలకు దత్తత ఇచ్చిన వ్యవహారం 2001 ప్రాంతంలో హైదరాబాద్‌లో బయటపడింది, నీకు గుర్తుండదు, అప్పుడు చిన్నపిల్లవి.

ఇంకోటి. సర్టిఫికెట్‌లో హిందువనే ఉంది కాబట్టి దత్తత డీడ్ రిజిస్టర్ చేయించుకుంటే సరిపోతుందని అల్లుడుగారికి ఎవరో చెప్పారట. ఆ డీడ్ చెల్లేది 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద, అది హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే. మా కాలంలో క్రైస్తవులకు 1890 నాటి గార్డియన్స్ చట్టం తప్ప దిక్కులేదు. ఎంత ప్రేమగా పెంచినా కాగితం మీద సంరక్షకులే గానీ అమ్మా నాన్నా కాదు. ఇప్పుడు ఆ బాధ లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతంవాళ్ళయినా పూర్తి తల్లిదండ్రులు కావచ్చు. దారి ఉండగా ఆదివారం ఒక మతం, రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంకో మతం ఎందుకు?

ఆ దారి కారా వెబ్‌సైట్‌లో మొదలవుతుంది, దత్తతల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. పేరు నమోదు చేసుకుంటే సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి రిపోర్టు రాస్తారు. ఆవిడ వంటగది కూడా చూస్తుంది, టెన్షన్ పడకు. తల్లి తానే బిడ్డను ఇవ్వాలనుకుంటే బాలల సంక్షేమ కమిటీ ముందు సంతకం పెట్టాలి, ఆ తర్వాత మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజులు గడువు ఉంటుంది. నాకు ఈ రూల్ చాలా నచ్చింది. దత్తత ఆర్డరు 2022 నుంచి కోర్టుకు బదులు కలెక్టరే ఇస్తున్నారు. చంటిపిల్ల కోసం మూడేళ్ళ పైనే పట్టవచ్చు. కాస్త పెద్ద పిల్లలకూ, వైకల్యం ఉన్నవాళ్ళకూ అంత ఆలస్యం కాదు. అల్లుడుగారితో ఆ మాట కూడా ఎత్తి చూడు. మీ అయ్యగారు చెప్పిన పాపకు నిజంగానే ఎవరూ లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పమను. అరకు ఇప్పుడు మన జిల్లా కాదు, పాడేరులోని కమిటీ చూసుకుంటుంది. ఆ పాప మీకే వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు.

పాప ఎప్పుడొచ్చినా, ఎవరొచ్చినా, సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు "దిక్కులేనిదాన్ని తెచ్చుకున్నాం" అనకు. అది రేపు అదే బెంచీలో కూర్చుని వింటుంది. కన్నతల్లి పెట్టిన పేరు తెలిస్తే ఉండనివ్వు, ఎస్తేరు అనో రూతు అనో ముందు తగిలించుకో కావాలంటే. బాప్తిస్మం మన సంఘంలో ఎలాగూ ఎదిగాకే కాబట్టి అది దాని ఇష్టం. దత్తత అని మాత్రం మాటలొచ్చినప్పటి నుంచీ చెబుతూ ఉండు. మీ అత్తగారు ఒప్పుకోరు. ఆవిడతో నేను మాట్లాడతాను.

ఆదివారం ఆరాధన అయ్యాక జ్ఞానాపురం వచ్చేయండి. పాన్ కార్డులు, పెళ్ళి సర్టిఫికెట్, ఇద్దరి మెడికల్ రిపోర్టులు, ఫోటోలు తెచ్చుకోండి. లాప్‌టాప్ కూడా తెండి, ఆ ఓటీపీల గొడవ నా వల్ల కాదు. మధ్యాహ్నం భోజనం ఇక్కడే, వంజరం తెప్పిస్తాను.

మీ పెద్దమ్మ