కూడిక వస్తుంది, లెక్క రాదు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు, రెండో తరగతి చదువుతోంది. కూడికలు, తీసివేతలు అంకెల్లో ఇస్తే తప్పు లేకుండా చేస్తుంది. అదే లెక్కను వాక్యంగా రాసి ఇస్తే, కలపాలో తీసివేయాలో నన్నే అడుగుతుంది. భాష, లెక్కలు, పరిసరాల పాఠం, బొమ్మలు, ఆటలు అంటూ ఇన్ని పీరియడ్లు ఉండడం వల్ల దేనిమీదా శ్రద్ధ నిలవడం లేదేమోనని నా అనుమానం. ఈ వయసులో చదవడం, రాయడం, లెక్కలు మాత్రమే నేర్పి, మిగిలినవి పెద్ద తరగతులకు వదిలేస్తే సరిపోదా?

జవాబు: మీ అమ్మాయికి లెక్క వచ్చు. ఆ లెక్కను చెప్పే వాక్యమే ఇంకా పూర్తిగా అందడం లేదు. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది: “రవి దగ్గర 8 పెన్సిళ్లు ఉన్నాయి. గీత దగ్గర రవి కంటే 3 ఎక్కువ ఉన్నాయి. గీత దగ్గర ఎన్ని?” రెండోది: “రవి దగ్గర 8 పెన్సిళ్లు ఉన్నాయి. అవి గీత దగ్గర ఉన్నవాటి కంటే 3 ఎక్కువ. గీత దగ్గర ఎన్ని?” మొదటిదాన్ని ఇట్టే చేసే పిల్లలు కూడా రెండోదానిలో ‘ఎక్కువ’ అన్న మాట కనబడగానే 11 అని రాసేస్తారు. సరైన జవాబు 5. ‘కంటే’ అనే చిన్నమాట ఎవరిని ఎవరితో పోలుస్తోందో గ్రహించకపోవడం వల్ల వచ్చే తప్పు ఇది. అంటే లెక్కల పుస్తకంలో కనిపించినా ఇది భాషకు సంబంధించిన తప్పే.

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. తను చేయలేకపోయిన లెక్కను మీరే నిదానంగా చదివి వినిపించండి. విన్నప్పుడు చేయగలిగితే ఇబ్బంది చదవడంలో ఉన్నట్టు. గుణింతాలూ ఒత్తులూ కూడబలుక్కుంటూ చదివే పిల్లలు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు, ఇక ఆలోచించడానికి శక్తి ఎక్కడ మిగులుతుంది? విన్నా చేయలేకపోతే ఇబ్బంది అర్థంలో ఉన్నట్టు. అప్పుడు జవాబు అడగకుండా, ఆ లెక్కలో ఏం జరిగిందో తన మాటల్లో చెప్పమనండి. తర్వాత రవికి ఒక వరుస, గీతకు ఒక వరుస గీతలు గీసి, ఎవరి వరుస పొడవుగా ఉందో చూపించమనండి. బొమ్మల పీరియడ్ అనవసరమని మీరు అనుకుంటున్నారు గాని, లెక్కను కంటికి కనబడేట్టు చేసుకోవడానికి మీ పాపకు కావలసినది అక్కడ నేర్చే ఆ నేర్పే.

పాఠ్యాంశాల విభజన టైంటేబుల్ కోసం పెద్దలు చేసుకున్న ఏర్పాటు. పరిసరాల పాఠంలో పిల్లలు ఆకులు ఏరి తెచ్చి, అంచు నున్నగా ఉన్నవి ఒక కుప్పగా, రంపపు పళ్లలా ఉన్నవి మరో కుప్పగా వేస్తారనుకోండి. ఏ కుప్పలో ఎన్ని ఉన్నాయో, ఎందులో ఎక్కువో చూస్తే అది గణితం. ఈ ఆకు ఈ కుప్పలోకే ఎందుకు రావాలో పక్క పిల్లవాడిని ఒప్పించాలంటే ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి పూర్తి వాక్యం చెప్పాలి, అది భాష. అవే ఆకులను ఈసారి పరిమాణాన్ని బట్టి వేరుచేయమంటే కుప్పలన్నీ మారిపోతాయి. వస్తువు మారకుండానే దాన్ని చూసే నియమం మారవచ్చునని తెలియడం ఆ వయసు పిల్లలకు చాలా పెద్ద మెట్టు, నా దృష్టిలో ఎక్కాలు అప్పజెప్పడం కన్నా పెద్దది.

స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజె (1896–1980) చేసిన ఒక పరిశీలన ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారందరికీ పరిచయమే. సమానమైన రెండు వరుసల బిళ్లల్లో ఒక వరుసను ఎడంగా పరిస్తే, అయిదేళ్ల పిల్లల్లో చాలామంది అందులోనే ఎక్కువ బిళ్లలున్నాయని చెబుతారు. ప్రశ్న అడిగే తీరును, సందర్భాన్ని మార్చినప్పుడు అదే వయసు పిల్లల్లో ఎంతోమంది సరిగా చెప్పగలిగారని తర్వాతి పరిశోధకులు చూపారు. సంఖ్య గురించిన అవగాహనకూ, ప్రశ్నను అర్థం చేసుకోవడానికీ ఎంత దగ్గరి సంబంధం ఉందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. అందుచేత ఏ పీరియడునూ తీసేయమని అడగకండి.

ప్రశ్న: మా అబ్బాయి ‘నూట ఐదు’ అంటే 1005 అనీ, ‘ఇరవై మూడు’ అంటే 203 అనీ రాస్తున్నాడు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అంతే. అజాగ్రత్త అనుకోవాలా?

జవాబు: అజాగ్రత్త కాదు. విన్నది విన్నట్టే రాస్తున్నాడు: నూరు, దాని పక్కన ఐదు. నోటితో చెప్పే సంఖ్యకూ కాగితం మీద రాసే సంఖ్యకూ నియమాలు వేరని ఇంకా తెలియలేదు, అంతే. ఎర్ర సిరాతో కొట్టేసినందువల్ల ఆ సంగతి తెలియదు. పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించండి. ఇరవై మూడంటే రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. ఆ 2, ఆ 3 పక్కపక్కన రాస్తే చాలునని చేతులకు ముందు తెలియాలి. తర్వాత పది కట్టలను కలిపి ఒక పెద్ద మోపు చేయించండి. నూట ఐదుకు ఒక మోపు, ఐదు విడి పుల్లలు ఉంటాయి, విడిగా కట్టలు మాత్రం ఒక్కటీ ఉండవు. ఆ లేని కట్టల చోటును చూపడానికే సున్న రాస్తామని ఆ సమయంలో చెబితే, సున్న ఎందుకుందో వాడికి మళ్లీ చెప్పనక్కరలేదు.

ప్రశ్న: ఒకటో తరగతి పాప రోజుకు నాలుగు పేజీల చేతిరాత రాయాలంటే ఏడుస్తోంది. బలవంతం చేయవచ్చునా?

జవాబు: వద్దు. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు మృదులాస్థిగానే ఉండి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి, చివరిది గట్టిపడేసరికి సాధారణంగా ఎనిమిదేళ్లు దాటుతుంది. వేళ్ల కండరాలకు పట్టు కూడా నిదానంగానే వస్తుంది. మట్టితో బొమ్మలు చేయడం, కాగితం మడవడం, కత్తిరించడం, పూసలు గుచ్చడం ఆ పట్టును పెంచుతాయి. నాలుగు పేజీలకు బదులు, తాను ఆ రోజు చూసినదాన్ని గురించి రెండు వాక్యాలు రాయమనండి. తప్పులున్నా ముందు చదివి, ఆ సంగతి గురించి పాపతో మాట్లాడండి. దిద్దడం ఆ తర్వాత చేయవచ్చు, అదీ ఒకటి రెండు మాటలకు మించకుండా.