పాఠకుల ప్రశ్నలు: జర్మన్ సైనికుల గుర్తింపు బిళ్ళలు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ గుర్తింపు బిళ్ళ ఫొటో చూశాను. “2./జె.ఇ.బి. 81” అని, కింద “1147” అని, పక్కన “ఎ” అని ఉంది. పేరు లేదు. ఈ సైనికుడు ఏ దళంలో పోరాడాడు?

జవాబు: చుక్కకు ముందున్న 2 కంపెనీ నంబరు. జె.ఇ.బి. అంటే ఇన్‌ఫాంటరీ ఎర్జాట్స్ బటాలియన్. కొత్తగా చేరినవారికి శిక్షణ ఇచ్చి రణరంగంలోని దళాలకు పంపే బటాలియన్ ఇది, 81 దాని నంబరు. ఐ ఉండాల్సిన చోట జె కొట్టడం ఆ బిళ్ళల మీద మామూలే. జె.ఆర్. అని కనిపించినా ఇన్‌ఫాంటరీ రెజిమెంట్ అనే చదవండి. 1147 అనేది బిళ్ళలు ఇచ్చిన జాబితాలో అతని వరుస సంఖ్య, ఎ రక్తం గ్రూపు.

పోరాడిన దళం మాత్రం ఈ బిళ్ళ వల్ల తెలియదు. బిళ్ళ ఇచ్చిన యూనిట్ పేరే దాని మీద ఉంటుంది. తర్వాత ఎన్ని బదిలీలైనా సాధారణంగా ఆ బిళ్ళే మెడలో ఉండేది. 1939 సమీకరణలో ఇచ్చిన వాటి మీద యుద్ధానికి వెళ్లిన దళం పేరే తరచు కనిపిస్తుంది. తర్వాత చేరినవారి బిళ్ళల మీద ఎక్కువగా ఎర్జాట్స్ యూనిట్లే. కాబట్టి 81 చూడగానే 81వ రెజిమెంట్ చరిత్ర తెరవకండి. సంబంధం ఉండొచ్చు, అది రుజువు కాదు.

కాలం గురించి ఒక ఆధారం ఉంది. 1942 అక్టోబరులో ఇన్‌ఫాంటరీ రెజిమెంట్లను గ్రెనేడియర్ రెజిమెంట్లని మార్చారు. ఎర్జాట్స్ బటాలియన్ల పేర్లూ ఆ దరిదాపుల్లోనే మారాయి. అంటే ఈ బిళ్ళ బహుశా అంతకు ముందుది. రెజిమెంట్ బిళ్ళలైతే కంపెనీ నంబరు కూడా పనికొస్తుంది: 13 పదాతిదళ ఫిరంగులది, 14 ట్యాంకు నిరోధక కంపెనీ.

పేరు కావాలంటే నాటి జాబితాలే దిక్కు. యూనిట్లు వాటిని, తర్వాతి మార్పులను బెర్లిన్‌లోని వేర్మాఖ్ట్ (నాటి జర్మన్ సాయుధ దళాలు) సమాచార కార్యాలయానికి పంపేవి. 2019 నుంచి ఆ రికార్డులు జర్మన్ జాతీయ అభిలేఖాగారం బుందెస్‌ఆర్కీవ్ అధీనంలో ఉన్నాయి. రాసేటప్పుడు చుక్క, గీత కూడా వదలకుండా ఉన్నదున్నట్టు రాయండి, ఫొటో జతచేయండి. “81, 1147” అని మాత్రమే పంపితే మనిషి దొరకడు, ఎందుకంటే అదే వరుస సంఖ్య ఎన్నో యూనిట్లలో ఉంటుంది.

ప్రశ్న: తుప్పు పట్టిన బిళ్ళ మీది అక్షరాలు చదవడం ఎలా? వెనిగర్‌తో కడగవచ్చా?

జవాబు: వద్దు. యుద్ధం ముదిరాక ఇచ్చినవి ఎక్కువగా జింకువి. ఆమ్లం జింకును కరిగిస్తుంది, తుప్పుతోపాటు అక్షరాలూ పోతాయి. మట్టిలో జింకు బూడిదరంగుకు తిరిగి పెళుసుబారుతుంది. అల్యూమినియం బిళ్ళలు తేలిగ్గా ఉంటాయి, మెరుగ్గా నిలుస్తాయి. డిస్టిల్డ్ వాటర్, మెత్తని బ్రష్ చాలు. తడి ఆరాక చీకటి గదిలో టార్చిని బిళ్ళకు దాదాపు సమాంతరంగా పట్టి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఒక వైపు వెలుగులో కనపడని గీత మరో వైపు నుంచి తేలుతుంది. బిళ్ళ రెండు సగాల మీదా ఒకే రాత ఉంటుంది, కింది సగం తరచు తలకిందులుగా. ఒకదానిలో చెరిగింది రెండోదానిలో వెతకండి. 3, 8 అంకెలు రెండు సగాల్లోనూ ఒకేలా తేలేదాకా ఖాయం చేసుకోకండి.

సైనికుడు మరణిస్తే కింది సగం విరిచి పంపేవారు, పై సగం దేహంతో ఉండేది. అందుకే అస్థికల దగ్గర దొరికిన బిళ్ళను కదిలించకూడదు. స్థానిక పోలీసులకు చెప్పండి. జర్మన్ యుద్ధ సమాధులను చూసే ఫోల్క్స్‌బుంద్ సంస్థకూ తెలియజేయవచ్చు. బిళ్ళ వేరైతే ఆ అస్థికలకు పేరు దక్కే దారి మూసుకుపోతుంది. స్మారకం కోసం దాన్ని జేబులో వేసుకోవడం క్షమించరానిది.

ప్రశ్న: కొన్నింటి మీద పేరు ఉంటుందెందుకు?

జవాబు: నౌకాదళం బిళ్ళల మీద పేరు కొట్టేవారు. పేరుతోపాటు పుట్టిన తేదీ, ఊరు కూడా ఉంటే అది చాలామటుకు మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. “స్టాలాగ్” (ఖైదీల శిబిరం) అని ఉన్న దీర్ఘచతురస్రపు బిళ్ళ జర్మన్ సైనికుడిది కాదు, జర్మన్ల చేతికి చిక్కిన యుద్ధఖైదీది.